మారు దేహము, మారవలసిన లెక్క
కాన్సరు కిరణచికిత్స చరిత్రలో ఒక ప్రశ్న

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముమీద సూర్యాపేట, కోదాడ పట్టణములున్నవి. ఆ మార్గమునకు కొంత దక్షిణముగా, సాగరు ఎడమకాలువ నీట పండు వరిపొలముల నడుమ, బియ్యపు మిల్లులకు పేరుగన్న మిర్యాలగూడ యున్నది. మన పెద్దలు రాచపుండనియు పుట్టకురుపనియు భయముతో పేర్కొనుచు వచ్చిన కాన్సరు వ్యాధి ఈ ప్రాంతమున నొకరికి కలిగినదని తేలినప్పుడు, ఆ కుటుంబము చిరకాలముగా చేయుచు వచ్చిన పని యొక్కటే. రోగిని వెంటబెట్టుకొని హైదరాబాదునకో, విజయవాడ, గుంటూరులకో ప్రయాణమగుట. సూర్యాపేటనుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ అంతకు మరి నలుబది కిలోమీటర్లకు పైగా ఆవల నున్నది. చేరినంత మాత్రమున పని ముగియదు. గొంతు, నోరు మొదలగు చోట్ల కలుగు కాన్సరునకు కిరణచికిత్స వారమునకు ఐదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగును.

ఆ ఆరేడు వారములలో రోగి దేహము మొదటి దినమున నున్నట్లు ఉండదు. గడ్డ కరగును. మింగుట కష్టమై ఆహారము తగ్గును, బుగ్గలు లోతుకు పోవును, మెడ సన్నబడును. మొదటి దినపు కొలతలనుబట్టి వేసిన లెక్క కడపటి దినమునకు సరిపోవునా? సరిపోనిచో, మరల లెక్క వేయుట ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము? నేటి వైద్యలోకమును కలవరపెట్టుచున్న ఈ ప్రశ్న చూచుటకు క్రొత్తది. దీని వేళ్లు మాత్రము నూరేండ్ల క్రిందటివి. ఆ కథనే శ్రోతలకు మనవి చేయుదును.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరమున రాంట్జన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. మరుసటి సంవత్సరమే వైద్యులు వానిని వ్రణములమీద ప్రయోగింప మొదలిడిరి. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనుటతో మరియొక ఆయుధము చేతికి వచ్చెను. అయితే కిరణము ఎంత ప్రసరించినదో కొలుచుటకు నాడు నమ్మదగిన సాధనము లేదు. రోగి చర్మమే కొలపాత్ర. చర్మము ఎఱ్ఱగా కందునంత మేర యొక మోతాదుగా ఎంచిరి. చర్మము కందినచో ఆపుట, తేరుకొనినచో మరల ఆరంభించుట నాటి వైద్యుని పద్ధతి. అనగా దేహము చూపు గుర్తునుబట్టి చికిత్సను మార్చుట ఆదినుండియు కలదు. 1928లో స్టాక్‌హోము నగరమున జరిగిన అంతర్జాతీయ సభ కిరణమునకు ఒక కొలమానమును నిర్ణయించి దానికి రాంట్జన్ పేరే పెట్టెను. అప్పటినుండి లెక్క వైద్యుని కంటిచూపునుండి అంకెల చేతిలోనికి పోయినది.

అదే కాలమున పారిస్ నగరపు రేడియం సంస్థలో క్లాడియస్ రెగో అను శాస్త్రజ్ఞుడు పొట్టేళ్లపై చేసిన ప్రయోగము మిక్కిలి ప్రసిద్ధమైనది. పొట్టేలి వృషణములను ఒక్కసారి ప్రసరించు కిరణముతో వంధ్యము చేయబోగా పైచర్మము కాలిపోవుచుండెను. ఆ మోతాదునే పెక్కు దినములకు పంచి యిచ్చినప్పుడు చర్మము నిలిచెను, ఉద్దేశించిన ఫలము సిద్ధించెను. వేగముగా పెరుగు కణజాలము నశించి, ప్రక్కనున్నది తేరుకొనుటకు వ్యవధి దొరకుటయే దీని రహస్యము. ఆయన సహచరుడు హెన్రీ కూటార్ 1920 తరువాతి సంవత్సరములలో ఈ సూత్రమును గొంతు కాన్సరుకు అన్వయించి, శస్త్రచికిత్సకు లొంగని రోగులను కొందరిని బ్రతికించెను. నేడు మన రోగులు ముప్పది, ముప్పదియైదు పర్యాయములు యంత్రము క్రింద పరుండుటకు మూలము ఆ పొట్టేళ్ల ప్రయోగమే. చికిత్స దీర్ఘమగుటచేతనే, నడుమ దేహము మారుట యను చిక్కును పుట్టినది.

మన దేశమునకు ఈ విద్య త్వరగనే వచ్చెను. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలసెను. 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి తెరువబడెను. 1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పట్టుదలచే మద్రాసు అడయారులో కాన్సరు సంస్థ పనిచేయ నారంభించెను. తెలంగాణమునకు సంబంధించినంతవరకు 1955వ సంవత్సరము ముఖ్యమైనది. హైదరాబాదు రాజ్యమున మంత్రిగా నుండి, పిమ్మట గుజరాతు రాష్ట్రమునకు మొదటి గవర్నరైన నవాబు మెహదీ నవాజ్ జంగ్‌గారి పేర రేడియం సంస్థ, కాన్సరు ఆసుపత్రి హైదరాబాదులో నెలకొన్నది ఆ యేటనే. నేడు దానినే ఎం.ఎన్.జె. ఆసుపత్రియని జనులు వ్యవహరించుచున్నారు. నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినదియు ఆ 1955 డిసెంబరులోనే. నల్లగొండ సీమకు నీటి ఆశయు, ఈ మహావ్యాధికి మందు ఆశయు ఒక్క యేట అంకురించినవి.

రేడియము అరుదైనది, ఖరీదైనది. 1951లో కెనడా దేశమున రెండు పట్టణములలో, సస్కటూనులోను లండనులోను, కోబాల్టు యంత్రములు చికిత్సకు సిద్ధమగుటతో ఆ కొరత చాలవరకు తీరెను. చర్మమును అంతగా కాల్చక లోతునకు పోవు కిరణము పేదదేశములకు సైతము అందుబాటులోనికి వచ్చెను. కొన్ని యేండ్లకే అట్టి యంత్రము అడయారునకు చేరినది. తరువాతి కాలమున మన భాభా అణు పరిశోధనా కేంద్రము వారే ‘భాభాట్రాన్’ అను పేర కోబాల్టు యంత్రమును నిర్మించిరి.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. కోబాల్టు యుగమున కిరణక్షేత్రము విశాలము. మెత్తని తీగను రోగి దేహముచుట్టు వంచి, ఆ ఆకారమును కాగితముమీద దింపి, ఇరుప్రక్కలనుండి వెడల్పుగా కిరణము ప్రసరింపజేయుట సాధారణ పద్ధతి. గడ్డచుట్టు బోలెడంత మేర ఆ పరిధిలోనికి వచ్చును. కనుక మెడ కొంత సన్నబడినను, గడ్డ కొంత కరగినను, కిరణము గురి తప్పెడిది కాదు. అందుకు చెల్లించిన వెల వేరు. చెవిక్రింద, గవదబిళ్లలు వచ్చినపుడు ఉబ్బు లాలాజలగ్రంథులు కూడ ఆ పరిధిలో పడి ఎండిపోయెడివి. గొంతు కాన్సరు నయమైన రోగి తక్కిన జీవితమంతయు తడిలేని నోటితో, ప్రతి ముద్దకును గుక్కెడు నీరు త్రాగుచు గడపవలసి వచ్చెడిది.

ఆ బాధను తొలగించుటకై సాగిన కృషియే తరువాతి అర్ధశతాబ్దపు చరిత్ర. 1953లో లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో లీనియర్ యాక్సిలరేటరు రోగులకు చికిత్స ప్రారంభించెను. 1971లో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. స్కాను మొదటి రోగి మెదడును చిత్రించి, దేహము లోపలి భాగమును పొర పొరగా చూపెను. 1990 తరువాత గణనయంత్రముల సాయముతో కిరణపుంజముయొక్క తీవ్రతను చోటుచోటునకు మార్చు పద్ధతి వచ్చినది, దీనినే ఐ.ఎం.ఆర్.టి. యందురు. గడ్డమీద పూర్తి మోతాదు పడుచుండగా, దాని ప్రక్కనే కొలది మిల్లీమీటర్ల దూరమున మోతాదు నిటారుగా పడిపోవును. 2011లో వెలువడిన బ్రిటిషు పరీక్షలో 94 మంది రోగులను పరిశీలింపగా, ఏడాది తరువాత నోరు బాగుగ ఎండిపోయినవారు పాతపద్ధతిలో నూటికి 74 మంది, క్రొత్తపద్ధతిలో నూటికి 38 మంది. ఇది గొప్ప లాభము.

కాని గురి సూక్ష్మమైనకొలది, గురిపెట్టబడిన వస్తువు కదలకుండవలెను. ఈ పద్ధతిలో రోగి తల కదలకుండుటకై, వేడినీట మెత్తబడు ప్లాస్టిక్ రేకును ముఖముమీద అదిమి, అతని ముఖపు అచ్చుగా ఒక కవచమును తయారుచేయుదురు. ప్రతిదినము ఆ కవచమునే బిగింతురు. నాలుగవ వారమునకు రోగి చిక్కిపోయినచో ఆ కవచము వదులగును. పండుగకు కుట్టించిన చొక్కా జ్వరము తగిలి లేచినవానికి వ్రేలాడినట్లే. చొక్కా వదులైన నష్టము లేదు. ఇచ్చట మాత్రము గ్రంథి తన చోటు విడిచి కిరణపు దారిలోనికి జరుగవచ్చును, వెన్నుపాము లెక్కలో నున్నదానికన్న ఎక్కువ మోతాదును పొందవచ్చును.

1997లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రమందలి విలియం బోమాంట్ ఆసుపత్రికి చెందిన డి యాన్, ఆయన సహచరులు ఒక పరిశోధన వ్యాసమున ఈ చిక్కునకు మార్గము సూచించిరి. చికిత్స నడుచుండగా తీసిన చిత్రములనుండి రోగి దేహపు మార్పులను గ్రహించి, ఆ రోగికి తగినట్లు లెక్కను మరల మార్చవలెననిరి. దీనికి వారు పెట్టిన పేరు ‘అడాప్టివ్ రేడియోథెరపీ’. తెలుగున దేహానుసార కిరణచికిత్స యనవచ్చును. ఒకనాడు చర్మపు ఎఱుపును చూచి మోతాదు మార్చిన వైద్యుని వివేకమే, శాస్త్రీయమైన కొలతలతో తిరిగి వచ్చినదన్నమాట.

మార్పు ఎంత అను ప్రశ్నకు 2004లో హ్యూస్టను నగరపు ఎం.డి. ఆండర్సన్ కేంద్రమువారు సమాధానము వెదకిరి. తల, మెడ కాన్సరు గల 14 మంది రోగులను చికిత్సాకాలమంతయు పలుమార్లు స్కాను చేసిరి. గడ్డ పరిమాణము దినమునకు నూటికి 1.8 వంతు చొప్పున తగ్గుచున్నదనియు, చెవిక్రింది లాలాజలగ్రంథి తాను కుంచించుకొనుచు లోపలివైపునకు జరుగుచున్నదనియు, ఆ జరుగుట రోగి బరువు తగ్గుటతో ముడిపడియున్నదనియు కనుగొనిరి. ఈ అంకెలకన్న ముఖ్యమైనది వేరొకటి. చికిత్స ముగియునాటికి ఒక రోగి గడ్డ పదింట ఒక పాలు మాత్రమే తగ్గగా, మరియొక రోగి గడ్డ పదింట తొమ్మిది పాళ్లు తగ్గినది. రోగము పేరొక్కటే, చికిత్స యొక్కటే. దేహములు మాత్రము వేర్వేరు త్రోవల నడచినవి.

అట్లయిన అందరికిని ప్రతివారము లెక్క మార్చినచో పోదా అని తోచును. మరల లెక్క వేయుట యన నేమో చూడుడు. రోగికి క్రొత్తగా స్కాను తీయవలెను. క్రొత్త కవచము చేయవలెను. వైద్యుడు ప్రతి పొరమీదను గడ్డను, గ్రంథులను, వెన్నుపామును మరల గీయవలెను. భౌతికశాస్త్రజ్ఞుడు లెక్క కట్టి, యంత్రముమీద సరిచూడవలెను. రోగుల వరుస పొడవుగానుండు ఆసుపత్రిలో ఒకరికి ఇన్ని గంటలు వెచ్చించిన, మరియొకరి చికిత్స ఆరంభము వెనుకబడును. 2014 తరువాత అయస్కాంత చిత్రములు చూపుచునే కిరణమిచ్చు యంత్రములతో, రోగి బల్లమీద నుండగనే లెక్కను మార్చుట కూడ సాధ్యమైనది. అవి మిక్కిలి ఖరీదైనవి. వానితో ఒక్కొక్క రోగికి పట్టు కాలమును అధికమే.

2023లో ఫ్రాన్సు దేశపు వైద్యులు వెల్లడించిన ఫలితము ఈ చర్చను మలుపు త్రిప్పినది. పదకొండు కేంద్రములలో, ముదిరిన గొంతు కాన్సరు గల 132 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసిరి. ఒక జట్టునకు మొదటి లెక్కతోనే చికిత్స జరిపిరి. రెండవ జట్టునకు ప్రతివారము లెక్కను మార్చిరి. ఏడాది తరువాత లాలాజలమును కొలిచి చూడగా రెండు జట్లకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అంత శ్రమయు వ్యర్థమేనా? కాదు. ఎంపిక లేక అందరికిని చేసినచో లాభము తేలదని మాత్రమే దాని అర్థము. లాభము పొందు కొద్దిమంది, అవసరము లేని పెక్కుమంది నడుమ కలిసిపోయిరి.

సాగరు ఆయకట్టు రైతులకు ఈ న్యాయము బోధపరచనక్కరలేదు. కాలువలో నీరు కొలదిగా నున్న యేట తూములన్నియు ఒక్కమారు తెరచిన ఏ మడికిని తనివి తీరదు. ఏ చేను వాడినది, ఏ చేనికి పదను చాలును అని చూచి నీరు వదలువాడే నేర్పరి. కాన్సరు వైద్యుని ముందున్న ప్రశ్నయు అట్టిదే: ఏ రోగికి మరల లెక్క వేయవలసివచ్చునో ముందుగనే కనిపెట్టుట యెట్లు?

ఇంతవరకు తెలిసిన గుర్తులు కొన్ని కలవు. మొదటివి చికిత్సకు పూర్వమే కనబడునవి. మెడలో పెద్ద గడ్డలుండి అవి లాలాజలగ్రంథులకు చేరువగా నున్నవారు, కిరణముతోపాటు మందులు కూడ పొందుచు గడ్డ త్వరగా కరగు అవకాశము గలవారు, ముక్కు వెనుకభాగమున కాన్సరు గలవారు ఈ కోవకు చెందుదురు. 2016లో నెదర్లాండ్సు దేశమందలి గ్రోనింగెన్ వైద్యులు మరియొక సులభమైన గుర్తును చూపిరి. మొదటి లెక్కలోనే లాలాజలగ్రంథికి పడు మోతాదు స్వల్పమైనచో, తరువాత కొంత పెరిగినను హాని తక్కువ. మొదటనే అధికముగానున్న రోగులమీదనే దృష్టి నిలుపవలెనని వారి సిద్ధాంతము.

రెండవ రకపు గుర్తులు చికిత్స నడుచుండగా తెలియునవి. తొలి రెండు మూడు వారములలో బరువు వేగముగా తగ్గుట, కవచము వదులగుట, యంత్రముమీద తీయు చిత్రములలో మెడ ఆకారము మారుట మొదలైనవి. ఇవి చూచుటకు ఖరీదైన సాధనము లక్కరలేదు. కాటా ఒకటి, శ్రద్ధగల కన్ను ఒకటి చాలును.

గర్భాశయ ముఖద్వార కాన్సరులో గుర్తు వేరు. మూత్రాశయము నిండినపుడు, ఖాళీయైనపుడు గర్భాశయము తావు మారును; కొందరిలో స్వల్పముగా, కొందరిలో చాలదూరము. రాటర్‌డామ్ వైద్యులు చికిత్సకు ముందే నిండు మూత్రాశయముతో నొకమారు, ఖాళీ మూత్రాశయముతో నొకమారు స్కాను తీసి, గర్భాశయపు కొన రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలు స్త్రీలకు మాత్రము ఒకటికి మించి లెక్కలు సిద్ధపరచిరి. ఆ దినమున ఏది తగునో దానిని వాడుదురు. ఊపిరితిత్తుల కాన్సరులో గడ్డవలన మూసుకొనిపోయిన భాగము చికిత్స నడుమ తెరచుకొనినచో లోపలి అవయవములన్నియు తావులు మారును. అట్టివారికి మరల లెక్క తప్పదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ గుర్తులలో పెక్కు ఐరోపా, అమెరికా రోగులను చూచి నిర్ణయించినవి. అచ్చట గొంతు కాన్సరులో ఒక భాగము వైరసువలన కలుగునది. అది కిరణమునకు త్వరగా కరగును. మన దేశమున పొగాకు, గుట్కా, వక్క నమలుటచే బుగ్గలోను చిగురుమీదను కలుగు కాన్సరు అధికము. అట్టివారికి సాధారణముగా మొదట శస్త్రచికిత్స, పిదప కిరణచికిత్స జరుగును. గడ్డను ముందే తీసివేసినందున కరగుటకు గడ్డ లేదు. మారునది రోగి కండ, కొవ్వు, శస్త్రచికిత్సచేత కలిగిన వాపు. కనుక అచ్చటి గుర్తును ఇచ్చట కన్నులు మూసికొని అన్వయింపరాదు. నేడు యంత్రమేధస్సుతో స్కానులను చదివి ముందుగనే జోస్యము చెప్పు పద్ధతులు వచ్చుచున్నవి. అవియు తాము చూచిన రోగులను గూర్చియే నేర్చుకొనును. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు ఆసుపత్రులలో మన రోగుల బరువులు, చిత్రములు, ఫలితములు శ్రద్ధతో భద్రపరచిననాడే మన వారికి సరిపడు గుర్తులు ఏర్పడును. ఇది యంత్రము కొనుటకన్న కష్టమైన పని, చౌకయైన పని కూడ.

కుటుంబములు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. 1992లో ఫౌలరు, లిండ్‌స్ట్రాము అను శాస్త్రజ్ఞులు నాటివరకు ప్రకటితమైన ఫలితములను క్రోడీకరించి, తల, మెడ కాన్సరులో చికిత్స పొడిగింపబడిన కొలది వ్యాధి అదుపులోనికి వచ్చు అవకాశము తగ్గునని లెక్కకట్టిరి. అనగా లెక్క మార్చుటకై చికిత్సను వారము దినములు ఆపినచో వచ్చు లాభముకన్న నష్టమే మిన్న కావచ్చును. నాట్లకని, పెండ్లికని ఇంటికి పోయి నాలుగు దినములు ఆలస్యముగా వచ్చు రోగియు ఆ నష్టమునే కొనితెచ్చుకొనును. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమగుటతో చికిత్స ఖర్చు పేదలకు కొంత తేలికయైనది. నగరమున ఏడు వారములు బస, తోడువచ్చినవారి కూలినష్టము అను భారములు ఇంకను కుటుంబముమీదనే యున్నవి.

కాబట్టి సూర్యాపేటనుండియో, కోదాడనుండియో, మిర్యాలగూడనుండియో రోగిని తీసికొనిపోవు వారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనుట మేలు. ప్రతివారము రోగి బరువును చూపించి వ్రాయించుకొనవలెను. మింగుట కష్టమైన మొదటి దినముననే వైద్యునకు చెప్పి, గంజియో పాలో గ్రుడ్డో, అదియు దిగనిచో గొట్టము ద్వారానో, ఆహారము నిలుచునట్లు చూడవలెను. కవచము వదులైనట్లు తోచినచో దానిని బిగించు సిబ్బందికి సంకోచింపక తెలుపవలెను. మూత్రాశయము నిండుగా నుంచుకొని రమ్మన్నచో ప్రతిదినము అట్లే రావలెను. ప్రక్క మంచము రోగికి మరల స్కాను తీసి తమవారికి తీయనిచో అనుమానము వద్దు. తీయకుండుటకు కారణమేమని మర్యాదగా అడిగినచో వైద్యులు చెప్పుదురు.

రాంట్జన్ కిరణము వెలసినది మొదలు నేటివరకు జరిగిన కృషి యంతయు కిరణమును గడ్డకు చేరువ చేయుటకే. ఇకమీది కృషి రోగులలో ఎవరికి మరియొకమారు లెక్క కావలెనో తెలిసికొనుటయందున్నది. ఆ పనిలో వైద్యునకు యంత్రమెంత సాయమో, దినదినము రోగిని కనిపెట్టియుండు ఇంటివారును అంత సాయమే.